పెరట్లో పసులపోలిగాడు గూడు పెట్టింది, మనుషుల మీదికి వస్తోంది. ఏం చేయాలి?

ఆమదాలవలస_పెరడు
మా పెరట్లో వేపచెట్టుకు బావి వైపు వాలిన కొమ్మ ఒకటి ఉంది. దాని చివర పసులపోలిగాడి జంట గూడు కట్టుకుంది. మొన్నమొన్నటి దాకా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు అమ్మ బట్టలు ఆరేయడానికి బయటికి వెళ్తే చాలు, కరెంటు తీగ మీద కూర్చున్నది వెనక నుంచి దూసుకొచ్చి జుట్టుకు తగిలీ తగలనట్టు రాసుకుంటూ పోతోంది. ఎదురుగా చూస్తూ ఉంటే రాదు, వెనుదిరిగితేనే వస్తుంది. కోడిపిల్లలను కూడా ఎత్తుకుపోతుందని ఎవరో మా మామయ్యకు చెప్పారు. ఆయన ఆ కొమ్మ నరికించేస్తానంటున్నారు. నాకు అది ఇష్టం లేదు, అయితే అమ్మకు కంటి ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదు కనుక భయంగానూ ఉంది. ఇది ఇంకా ఎన్నాళ్ళు సాగుతుందో, కోడిపిల్లల సంగతి నిజమో కాదో తెలిసినవారు చెప్పగలరు.

రాజాం_కెమెరా
తోక చివర చేపతోకలా రెండుగా చీలి ఉందా? నోటి మూలలో చిన్న తెల్ల చుక్క కనిపిస్తోందా? ఈ రెండూ ఉంటే అది పసులపోలిగాడే, సందేహం లేదు. వీలైతే దూరం నుంచి ఒక ఫొటో పెట్టండి.

ఆమదాలవలస_పెరడు
రెండూ ఉన్నాయి. ఎండ పడినప్పుడు నలుపులో నీలం మెరుపు కూడా కనిపిస్తోంది. ఫొటో కోసం మళ్ళీ దాని కంటపడే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

చీపురుపల్లి_మాస్టారు
కొమ్మ నరికించవద్దని మీ మామయ్యగారికి నా మాటగా చెప్పండి. ఈ పక్షి ప్రధానంగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గూడు పెడుతుంది. ఆడ, మగ రెండూ కలిసి వారం లోపే గూడు పూర్తిచేస్తాయి. సాధారణంగా మూడు నాలుగు గుడ్లు ఉంటాయి, వాటినీ రెండూ వంతులవారీగా పొదుగుతాయి. పొదగడానికి 14, 15 రోజులు, ఆ తరువాత పిల్లలు గూడు విడవడానికి 16 నుంచి 20 రోజులు పడుతుంది. గుడ్లు పెట్టిన నాటి నుంచి లెక్క వేసుకున్నా మొత్తం ఐదు వారాలు. ఇంత ఉద్ధృతంగా మనుషుల మీదికి వస్తోందంటే గూట్లో ఇప్పటికే పిల్లలు ఉండే అవకాశం ఎక్కువ. అలాగైతే మీరు ఓపిక పట్టవలసింది రెండు మూడు వారాలు మాత్రమే.

కోడిపిల్లల మాట పూర్తిగా తప్పు. తోకతో కలిపి కొలిస్తే ఈ పక్షి పొడవు 28 సెంటీమీటర్లు, అందులో దాదాపు సగం తోకే. కోడిపిల్లను ఎత్తుకుపోయే గోళ్ళు గానీ బలం గానీ దానికి లేవు. దాని ప్రధానాహారం పురుగులు. ఎప్పుడైనా ఒక చిన్న బల్లినో, అరుదుగా చిన్న పిట్టనో పట్టుకోవడం ఉంది గాని, కోడిపిల్ల దాని లెక్కలోకి రాదు. కోడిపిల్లలను తన్నుకుపోయే గద్దను, కాకిని తరిమేది కూడా ఇదే. మీ మామయ్యగారు కోళ్ళను పెంచుతూ ఉంటే ఆ గూడు ఆయనకు లాభమే.

గజపతినగరం_గేదెలు
మాస్టారు చెప్పిన చివరి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మా కల్లం పక్కన చింతచెట్టు మీద ఇవి ఉన్నన్నాళ్ళూ గద్ద అటువైపు వాలడానికి కూడా జంకుతుంది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన గద్ద వీపు మీదికి పైనుంచి దూకి, అది దిక్కు మార్చుకునే దాకా వదలదు. నేను గేదెలను తోలుకుపోయేటప్పుడు ఒకటి ఎప్పుడూ పెద్ద గేదె నడుము మీద ఎక్కి కూర్చుంటుంది. గేదె గడ్డిలో మూతి పెట్టి లాగేసరికి అక్కడి మిడతలు లేస్తాయి, ఇది దిగి ఒకటి పట్టుకుని మళ్ళీ నడుము మీదికే వస్తుంది. గేదె దాన్ని పట్టించుకోదు, అది గేదెను పట్టించుకోదు.

సాలూరు_తేనెపెట్టె
అందరూ మెచ్చుకుంటున్నారు కనుక రెండో వైపు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నేను తేనెటీగలను పెంచుతాను. పెట్టెల ముందున్న తీగ మీద పసులపోలిగాడు ఒకసారి స్థిరపడిందంటే, బయటి నుంచి పుప్పొడి మోసుకొస్తున్న ఈగలను వరుసగా పట్టుకుని తింటుంది. మబ్బు పట్టిన రోజుల్లో, చలికాలంలో ఇతర పురుగులు తక్కువగా ఉన్నప్పుడు ఈ నష్టం ఎక్కువ. రైతుకు మిత్రుడు అనే మాట అందరు రైతులకూ వర్తించదు. తేనె పెంపకం కూడా వ్యవసాయమే కదా.

నాగావళి_గట్టు
తేనెపెట్టె గారూ, మీ నష్టాన్ని నేను కాదనడం లేదు. అయితే తేనెటీగలను తినేది ఇదొక్కటే కాదు, తీగల మీద వరుసగా కూర్చునే పచ్చటి బీ ఈటర్ పిట్టలూ తింటాయి, కందిరీగలూ తింటాయి. ఆ కందిరీగలను పట్టి తినే వాటిలో పసులపోలిగాడు కూడా ఉంది. లెక్క రెండు వైపులా చూడాలి.

సాలూరు_తేనెపెట్టె
రెండు వైపులా చూసే చెప్పాను. కందిరీగలను అది తినడం నిజమే, కానీ నా పెట్టెల ముందు కూర్చున్నప్పుడు అది కందిరీగలను ఎంచుకుని తినడం లేదు, ఎదురుగా ఏది ఎగిరితే దాన్ని పట్టుకుంటోంది. దానికి హాని చేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. పెట్టెలను మామిడి చెట్ల నీడకు, గుబురు కొమ్మల కిందికి జరిపాను. ఎదురుగా ఉన్న ఎండు కొమ్మలను తీసేశాను. ఎగరడానికి ఖాళీ జాగా, కూర్చోవడానికి బోడి కొమ్మ లేకపోతే అది అక్కడ వేటకు నిలబడదు. అప్పటి నుంచి బాధ చాలా తగ్గింది.

చీపురుపల్లి_మాస్టారు
సాలూరు మిత్రులు చేసిన పని చాలా సబబైనది, దాని వెనక పక్షి స్వభావం కూడా ఉంది. ఈ పక్షి వేట పద్ధతి అంతా కూర్చునే చోటు మీద ఆధారపడింది. చుట్టూ స్పష్టంగా కనిపించే బోడి కొమ్మ, స్తంభం, తీగ, గేదె నడుము, ఏదైనా సరే, అక్కడి నుంచి చూసి, గాలిలోనో నేల మీదో పురుగును పట్టి, తిరిగి ఎత్తైన చోటికి చేరుతుంది. పెద్ద మిడత దొరికితే ఒక కాలి కింద అదిమిపట్టి, ముక్కుతో చీల్చి తింటుంది. తీగ కింద నిలబడి చూస్తే ముందు మిడత రెక్కలు ఒక్కొక్కటిగా రాలిపడతాయి, తరువాత గట్టి కాళ్ళు పడతాయి, మెత్తటి భాగం మాత్రం కిందికి రాదు. పిల్లలకు పాఠంలో కీటకాల శరీర భాగాలు చెప్పవలసి వస్తే నేను వాళ్ళను మా బడి ప్రహరీ పక్కనున్న తీగ కిందికి తీసుకుపోతాను.

బొబ్బిలి_చదువరి
ఇంగ్లీషు పుస్తకాలలో ఈ వేట పద్ధతిని ఫ్లైక్యాచర్ పద్ధతి అని రాస్తారు. అయితే ఇది ఫ్లైక్యాచర్ కుటుంబానికి చెందిన పక్షేనా, మాస్టారూ?

చీపురుపల్లి_మాస్టారు
పద్ధతి ఫ్లైక్యాచర్‌దే, కుటుంబం మాత్రం వేరు. దీనిది డైక్రూరిడే కుటుంబం, శాస్త్రీయ నామం డైక్రూరస్ మాక్రోసెర్కస్. దీనికి దగ్గరి చుట్టాలు తోక విప్పి ఆడించే ఫ్యాన్‌టెయిల్ పిట్టలు, పొడవాటి తెల్ల తోకతో తోటల్లో కనిపించే తోకపిగిలిపిట్ట. ఇంకాస్త పైకి వెళితే ఇవన్నీ కాకి ఉన్న శాఖలోకే వస్తాయి. అసలైన ఫ్లైక్యాచర్ల కుటుంబం మస్కికాపిడే. మన ఇళ్ళ గోడల మీద తోక నిక్కించి తిరిగే నల్లంచి ఆ కుటుంబంలోనిది. వెనుకటి పుస్తకాలు నల్లంచిని వేరే కుటుంబంలో చేర్చేవి, తరువాతి పరిశోధనలు దాన్ని ఇటు మార్చాయి. కనుక ఒకే పెరట్లో నేల మీద గెంతే నల్లంచి ఫ్లైక్యాచర్ కుటుంబీకురాలు, గాలిలో ఈగలను పట్టే పసులపోలిగాడు కాదు.

బొబ్బిలి_చదువరి
చాలా సంతోషం. కాకి బంధువే కాకిని అంతగా తరుముతోందన్న మాట.

పాలకొండ_వకీలు
మొదటి ప్రశ్నకు చట్టం వైపు నుంచి ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లు తీయడాన్ని, గూళ్ళను పాడుచేయడాన్ని కూడా వేట కిందనే లెక్కిస్తుంది. పెరడు మనదైనా గూడు మనది కాదు. పిల్లలు ఎగిరిపోయాక కొమ్మ సంగతి నిదానంగా ఆలోచించుకోవచ్చు.

వంశధార_కుడిగట్టు
పొడవాటి దారి చుట్టూ తిరగనవసరం లేదు. బావికి వెళ్ళేటప్పుడు అమ్మగారిని గొడుగు వేసుకోమనండి. అది తలలో ఎత్తుగా ఉన్న చోటునే గురిచూస్తుంది. మా వీధిలో ఏటా ఇదే జరుగుతుంది, ఏటా గొడుగులే పరిష్కారం. తైవాన్‌లో కూడా గూళ్ళ కాలంలో ఇవి రోడ్డు మీద నడిచేవాళ్ళ తలల మీదికి వస్తాయి, కనుక మన జిల్లా పక్షులకే ఇంత కోపం అనుకోనవసరం లేదు.

ఆమదాలవలస_పెరడు
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి సమాధానం, వకీలుగారి సమాధానం రెండూ మామయ్యకు చదివి వినిపించాను. కోళ్ళకు కాపలా అన్న మాట దగ్గర ఆయన మెత్తబడ్డారు. అమ్మ గొడుగుతో వెళ్తోంది, బట్టల తాడును తాత్కాలికంగా వీధి వైపుకు మార్చాం. ఒక కొత్త సంగతి కూడా గమనించాను. అదే చెట్టు కింది కొమ్మల్లో పిగిలిపిట్ట గూడు ఉంది, పక్క మామిడి మీద వంగపండుపిట్ట తిరుగుతోంది. వీటిని మాత్రం పసులపోలిగాడు ఏమీ అనడం లేదు. కారణం ఏమిటి?

చీపురుపల్లి_మాస్టారు
మీరు చూసినది పక్షి పరిశీలకులు చాలా కాలంగా రాస్తున్న విషయమే. వంగపండుపిట్టలు, పిగిలిపిట్టలు, గువ్వలు పసులపోలిగాడి గూటికి దగ్గరగా తమ గూళ్ళు పెట్టుకోవడం ఎన్నో చోట్ల కనిపించింది. గుడ్లు దొంగిలించే కాకి ఆ చుట్టుపక్కలకు రాలేదు కనుక ఈ సాధు పక్షులకు రక్షణ దొరుకుతుంది. వాటి వల్ల దాని గుడ్లకు ముప్పు లేదు కనుక అది ఊరుకుంటుంది. మీ మామయ్యగారు ఆ కొమ్మ నరికించి ఉంటే ఒక గూడు కాదు, రెండు మూడు గూళ్ళు పోయేవి.

నాగావళి_గట్టు
ఇంత కాపలా ఉన్నా కోకిల దాన్ని కూడా మోసం చేయగలదు. కోకిల ఎక్కువగా కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది గాని, పసులపోలిగాడి గూట్లో పెట్టిన సందర్భాలూ నమోదయ్యాయి.

గజపతినగరం_గేదెలు
మోసంలో అదీ తక్కువది కాదు. దుక్కిలో గోరువంకలు పురుగులు ఏరుకుంటూ ఉంటాయి. ఉన్నట్టుండి డేగ కూత వినిపిస్తుంది, గోరువంకలన్నీ పురుగులు వదిలేసి లేచిపోతాయి. ఆకాశంలో చూస్తే డేగ ఉండదు, దుక్కిలో పసులపోలిగాడు ఉంటుంది, దాని నోట్లో గోరువంక వదిలేసిన పురుగు ఉంటుంది.

బొబ్బిలి_చదువరి
ఇది శాస్త్రీయంగా కూడా రుజువైన విషయమే. మన పసులపోలిగాడు షిక్రా డేగ కూతను అనుకరించి గోరువంకల తిండి లాక్కోవడం నమోదైంది. ఆఫ్రికాలో దీనికి చాలా దగ్గరి జాతి ఒకటి ఉంది, ఒకప్పుడు రెండింటినీ ఒకే జాతిగా లెక్కించేవారు. కలహారి ఎడారిలో అది ఇతర జంతువుల ప్రమాద సంకేతాలను అనుకరించి, మీర్‌క్యాట్లు అనే ముంగిస జాతి జంతువులు భయపడి బొరియలకు పరిగెత్తగానే వాటి తిండి ఎత్తుకుపోతుంది. ఒకే కూతను పదేపదే వాడితే అవి నమ్మడం మానేస్తాయి కనుక కూతలు మారుస్తూ ఉంటుందని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. దాని రోజువారీ తిండిలో 23 శాతం దాకా ఇలా సంపాదించినదే.

ఉద్దానం_కొబ్బరి
మాది పలాస వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదుగానే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అంత వరకు నీడలో బతికిన పిట్టలు చాలా వాటిని ఆ తరువాత చాలా కాలం చూడలేదు. పసులపోలిగాడు మాత్రం తుపాను వెళ్ళిన కొద్ది రోజులకే కూలిన మానుల మీద కూర్చుని కనిపించింది. మానులను కోసి తరలించే కూలీల వెంట తిరుగుతూ, దుంగ కదిపినప్పుడల్లా లేచే పురుగులను పట్టుకునేది. కొత్త స్తంభాలు వేసి తీగలు లాగగానే వాటి మీదికి చేరింది. తరువాతి వేసవిలో మా పెరట్లో మిగిలిన పనసచెట్టు మీద గూడు పెట్టింది. మా నాన్నగారు అప్పటికి మొక్కలు మళ్ళీ నాటాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నారు. ఆ గూడు చూశాక ఆయన ఒకటే మాట అన్నారు, ముందు ఈ పనసకు నీళ్ళు పెట్టమని.

చీపురుపల్లి_మాస్టారు
ఉద్దానం మిత్రులు రాసినది చదివి మనసు కదిలింది. ఈ పక్షికి దట్టమైన అడవి అవసరం లేదు. ఖాళీ నేల, ఎత్తైన ఒక చోటు, పురుగులు, గూటికి ఒక పంగ, ఈ నాలుగూ ఉంటే చాలు. అందుకే ఇరాన్ మొదలుకొని మన దేశం, శ్రీలంక, చైనా మీదుగా తైవాన్, జావా దాకా వ్యాపించి ఉంది. తెల్లవారకముందే కూత మొదలుపెట్టే పక్షుల్లో ఇదొకటి. రాత్రి పొద్దుపోయాక వీధి దీపాల దగ్గర పురుగులు పట్టడం కూడా కనిపిస్తుంది. బూరుగు పూసే కాలంలో ఆ పూల మకరందమూ తాగుతుంది.

రాజాం_కెమెరా
వీధి దీపాల మాట నిజమే. తొలకరి వాన పడిన రాత్రి మా బస్టాండు దీపం చుట్టూ ఉసుళ్ళు ముసిరితే, రెండు పసులపోలిగాళ్ళు చాలా సేపు దీపం వెలుగులోకి వచ్చి పోతూ ఉన్నాయి.

చోడిచేను
ఇంత మంచి పక్షి అయితే పురుగులు ఎక్కువగా ఉన్న చోట్లకు పట్టుకెళ్ళి వదలవచ్చు కదా. పురుగుమందుల ఖర్చు తగ్గుతుంది.

బొబ్బిలి_చదువరి
ఆ పని ఒకసారి జరిగింది, ఫలితం మంచిది కాదు. 1935లో పురుగుల నియంత్రణ కోసం తైవాన్ నుంచి వీటిని పసిఫిక్ మహాసముద్రంలోని రోటా ద్వీపానికి తీసుకెళ్ళి వదిలారు. అక్కడి నుంచి 1960ల నాటికి సముద్రం దాటి గువామ్ ద్వీపానికి కూడా చేరాయి. రోటాలో మాత్రమే ఉండే చిన్న వైట్ ఐ పిట్టల సంఖ్య పడిపోవడానికి గల కారణాల్లో వీటినీ పరిశోధకులు అనుమానించారు. ఇక్కడి కాకులకు, గద్దలకు దీని దూకుడుతో తరతరాల పరిచయం ఉంది. ఆ ద్వీపాల పిట్టలకు అది లేదు. ఉన్న చోట కాపాడుకోవడం ఒకటి, లేని చోటికి తీసుకెళ్ళడం మరొకటి.

వంశధార_కుడిగట్టు
చోడిచేను తమ్ముడూ, ఎక్కడికీ పట్టుకెళ్ళనక్కరలేదు, అదే వస్తుంది. మేము మొక్కజొన్నలో ఎకరాకు పది దాకా పక్షి స్థావరాలు నాటుతాం. స్థావరం అంటే పైరు కంటే కొంచెం ఎత్తుగా నిలిచే పంగల కర్ర, అంతే. నాటిన మర్నాడే పసులపోలిగాడు ఒకటి వచ్చి కూర్చుంటుంది. కత్తెర పురుగు సుడి లోపల దాక్కున్నప్పుడు దానికి దొరకదు, ఆకుల మీదికి వచ్చినప్పుడే దొరుకుతుంది. కనుక కర్రలు నాటాం కదా అని పైరును చూడడం మానేయకూడదు. గింజ పాలుపోసుకునే దశ రాగానే ఆ కర్రలు పీకేస్తాం, లేకపోతే చిలకలు వాటినే ఆసరా చేసుకుని కంకుల మీద పడతాయి.

గజపతినగరం_గేదెలు
కర్రలు నాటి మందు కొడితే మాత్రం ఆ ఫలం దక్కదు. మందు తిని మత్తుగా పాకుతున్న పురుగే దానికి అందరి కంటే ముందు దొరుకుతుంది. మా పక్క చేలో కొట్టిన మర్నాడు ఒకటి గట్టు మీద ఎగరలేక కూర్చుని ఉండడం చూశాను. మందు వల్లనే అని నేను రుజువు చేయలేను, కానీ అప్పటి నుంచి మా చేలో కర్రలున్నన్నాళ్ళూ వేపగింజల కషాయం తప్ప మరొకటి వాడడం లేదు. ఇంకొక మాట. పసువుల మందలు తగ్గి ట్రాక్టర్లు వచ్చాక ఇవి ట్రాక్టరు వెంట కొంగలతో పాటు తిరగడం నేర్చుకున్నాయి, కానీ ట్రాక్టరు ఏడాదికి నాలుగు రోజులు తిరుగుతుంది, గేదె రోజూ మేస్తుంది. ఊళ్ళో మేత బీడు మిగలడం మనకే కాదు, దానికీ కావాలి.

ఆమదాలవలస_పెరడు
పిల్లలు గూడు దిగాయి. మూడు ఉన్నాయి, తోకలు పొట్టిగా ఉన్నాయి, చీలిక ఇంకా సరిగా కనిపించడం లేదు. జామచెట్టు మీద పక్కపక్కనే కూర్చుని నోళ్ళు తెరుస్తున్నాయి. పెద్దవి మనుషుల మీదికి రావడం తగ్గింది గాని పూర్తిగా మానలేదు.

చీపురుపల్లి_మాస్టారు
మంచి కబురు చెప్పారు. గూడు దిగాక కూడా సుమారు నెల రోజులు పెద్దవి వాటికి తిండి పెడతాయి, కనుక అంత కాలం కాస్త కోపం మిగిలే ఉంటుంది. ఆ తరువాత పిల్లలు అడిగినా పెట్టవు, తరిమేస్తాయి. తోక చీలిక ఈ వారాల్లోనే ఏర్పడుతుంది. పిల్లి నేల మీదికి దిగిన పిల్లను పట్టకుండా మాత్రం చూసుకోండి.

రాజాం_కెమెరా
మాస్టారూ, ఒక సందేహం. పోయిన శీతాకాలం చెరువు గట్టు మీద తీసిన ఫొటోలో పసులపోలిగాడికి పొట్ట మీద తెల్లటి మచ్చలు ఉన్నాయి. ఇది తెల్లపొట్ట జాతి అవుతుందా?

చీపురుపల్లి_మాస్టారు
కాదు, అది తొలి ఏడాది పిల్ల. తొలి ఏడాది పిల్లలకు పొట్ట ఈకల చివరలు తెల్లగా ఉంటాయి కనుక మచ్చలు విడివిడిగా, పొలుసులు పొలుసులుగా కనిపిస్తాయి. తెల్లపొట్ట జాతికి పొట్ట కింది భాగం అంతా ఒకే తెలుపుగా ఉంటుంది, పైభాగం బూడిద రంగు కలిసిన నలుపు, ఉండేది చెట్లు ఎక్కువగా ఉన్న చోట. శీతాకాలంలో మన వైపు బూడిద రంగు జాతి కూడా వలస వస్తుంది, దానికి కళ్ళు ఎర్రగా మెరుస్తాయి, అదీ చెట్ల గుబుర్లనే ఇష్టపడుతుంది. చెరువు గట్టు మీద, బోడి తీగ మీద కూర్చున్నదైతే ముందు మన పసులపోలిగాడి పిల్లేమో చూడండి. వచ్చే శీతాకాలం ఆమదాలవలస వారి పెరటి పిల్లల పొట్టలు కూడా ఇలాగే ఉంటాయి, దగ్గర నుంచి చూడడానికి అదొక మంచి అవకాశం.